నాలుగేళ్ల బాబుకి మాట తడబడుతోంది: చూపించాలా, ఆగి చూడాలా?

మీరు రాసింది క్లుప్తంగా చెప్పుకుందాం. బాబుకి 4 ఏళ్ల 3 నెలలు. "క" పలకదు, కాకిని "తాతి" అంటాడు. దానికి తోడు ఐదు నెలలుగా మాట మొదట్లో "నా-నా-నా-నాన్న" అని తడబడుతున్నాడు, ఒక్కోసారి నోరు తెరిచి కూడా మాట రాక ఆగిపోతున్నాడు. మీవారికి చిన్నప్పుడు నత్తి ఉండేదట, "నాకు పోలేదా, వాడికీ పోతుందిలే" అంటున్నారు. డాక్టర్ల చుట్టూ తిప్పితే పిల్లవాడికి లేనిపోని భయం పట్టుకుంటుందని మీ అత్తగారు. మీకేమో రాత్రిళ్లు నిద్ర లేదు.

నా జవాబు: చూపించండి. ఈ నెలలోనే. కానీ చూపించడం వేరు, ట్రీట్‌మెంట్ మొదలుపెట్టడం వేరు. ఇంట్లో గొడవంతా ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల వస్తుంది. నేను 19 ఏళ్లుగా స్పీచ్ థెరపిస్ట్‌ని. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో కొందరిని మొదటి రోజే "ఇప్పుడేమీ అక్కర్లేదు, మూడు నెలల తర్వాత మళ్లీ తీసుకురండి" అని పంపేస్తాను. అది కూడా చికిత్సలో భాగమే. తేదీ పెట్టుకుని, ఏం గమనించాలో తెలుసుకుని ఆగడం ఒకటి. "అదే పోతుందిలే" అని కళ్లు మూసుకోవడం ఇంకొకటి. మీవారు చెబుతున్నది రెండోది.

ముందు ఒక చిక్కు విప్పాలి. మన భాషలో "నత్తి" అనే ఒక్క మాటనే అన్నిటికీ వాడేస్తాం. క పలకకపోయినా నత్తే, ర పలకకపోయినా నత్తే, మాట మొదట్లో తట్టుకున్నా నత్తే. మీ బాబుకున్నవి రెండు వేర్వేరు విషయాలు. ఒకటి, కొన్ని శబ్దాలకి ఇంకా నోరు తిరగకపోవడం. రెండోది, అసలైన నత్తి, అంటే మాట సాఫీగా సాగకుండా తెగడం. వీటి కారణాలు వేరు, దారులు వేరు, ఆగగలిగే కాలం కూడా వేరు.

మొదట శబ్దాల సంగతి. పిల్లలు అన్ని హల్లులూ ఒకేసారి నేర్చుకోరు. పెదాలతో పలికే ప, బ, మ ముందు వస్తాయి. నాలుక కొనతో పలికే త, ద, న వాటి వెనకే. నాలుక వెనక భాగం పైకి లేపి పలకాల్సిన క, గ కొంచెం ఆలస్యంగా వస్తాయి. అవి వచ్చేదాకా క బదులు త, గ బదులు ద వాడేస్తారు. మూడేళ్లప్పుడు అది ముద్దుమాట. మూడున్నర దాటాక సాధారణంగా తగ్గిపోవాలి. నాలుగు నిండాక కూడా ప్రతి క త అవుతోందంటే ఒకసారి చూడాల్సిందే. అదే మీరు "ర బదులు ల అంటున్నాడు" అని రాసి ఉంటే, ఐదారేళ్లదాకా చూద్దాం అనేవాణ్ణి. ఇక ఖ, ఘ లాంటి ఒత్తుల గురించి, శ ష స తేడాల గురించి నాలుగేళ్ల పిల్లవాణ్ణి వేధించే తల్లిదండ్రులకి ఒక విన్నపం: ముందు మీరు ఫోన్‌లో మాట్లాడేది రికార్డు చేసుకుని వినండి.

ఏ శబ్దం అన్నదానికన్నా పనికొచ్చే కొలత ఇంకొకటుంది. పిల్లవాడి మాట మీకు కాదు, బయటివాళ్లకి ఎంత అర్థమవుతోంది? రెండేళ్లకి సుమారు సగం, మూడేళ్లకి ముప్పాతిక, నాలుగేళ్లకి దాదాపు అంతా అర్థమవ్వాలి. అక్కడక్కడా శబ్దాలు తప్పినా సరే. అమ్మ ఈ పరీక్షకి పనికిరాదు, ఎందుకంటే అమ్మకి అన్నీ అర్థమవుతాయి. మీ ఇంటికి అరుదుగా వచ్చే ఒకరిని వాడితో పది నిమిషాలు మాట్లాడమని, ఎంత అర్థమైందో తర్వాత అడగండి.

ఇంకో చిన్న పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. కొండ బొమ్మ చూపించి మీరు కావాలని "ఇది తొండ" అనండి. చాలామంది పిల్లలు వెంటనే "తాదు! తొండ!" అని మిమ్మల్ని సరిదిద్దుతారు. నవ్వొస్తుంది, కానీ అది మంచి వార్త. వాడి చెవికి తేడా తెలుసు, నోటికే ఇంకా రాలేదు. మీరేమన్నా ఒకేలా ఊరుకుంటే, శబ్దాల తేడా వాడికి వినిపిస్తోందా, పట్టుకుంటున్నాడా అన్నది ముందు చూడాలి.

ఈ క–త సమస్యకి థెరపీ ఎలా ఉంటుందో ఒక దృశ్యం చెబుతాను. ఐదేళ్ల పాప. బల్ల మీద రెండు కార్డులు పెట్టాను, ఒకదాని మీద కొండ, ఒకదాని మీద తొండ. "ఏది కావాలో చెప్పు, ఇస్తా" అన్నాను. "తొండ" అంది. తొండ ఇచ్చాను. కాదని తల అడ్డంగా ఊపి, గట్టిగా "తొండ!" అంది. మళ్లీ తొండే ఇచ్చాను. మూడోసారికి మూతి బిగిసింది, కళ్లలో నీళ్లు తిరిగే ముందు ఒక చూపు ఉంటుంది చూడండి, అది వచ్చింది. అప్పుడు కుర్చీలోంచి ముందుకి వంగి, గొంతులోంచి ఏదో లాగుతున్నట్టు "క్... కొండ" అంది. వాళ్లమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కార్డు ఇవ్వడం నేను మర్చిపోయాను, పాపే లాక్కుంది. అంతకుముందు నాలుగు వారాలు ఉత్త "క్, క్" అనే శబ్దం రాబట్టడానికే సరిపోయింది. వెల్లకిలా పడుకోబెట్టడం, నీళ్లు పుక్కిలించేటప్పుడు వచ్చే గరగర గుర్తు చేయడం లాంటివి చేశాం. వెల్లకిలా పడుకుంటే నాలుక దానంతటదే వెనక్కి జారుతుంది. మిగతాదంతా ఆటే. వారానికొకసారి నా దగ్గర, రోజూ ఐదు పది నిమిషాలు ఇంట్లో. ఒకటి రెండు శబ్దాల సమస్యైతే కొన్ని నెలల పని.

శబ్దాల వరకు ఇంతే. దీనికి టెన్షన్ పడనక్కర్లేదు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మీ రెండో విషయం.

నత్తి. మూడు నాలుగేళ్ల పిల్లలందరూ తడబడతారు. "అమ్మా, నాకు... నాకు... అదేంటంటే... నాకు అది కావాలి" అని పూర్తి మాటలు తిరగేయడం, మధ్యలో వాక్యం మార్చేయడం మామూలే. బుర్ర ముందు పరిగెడుతుంది, నోరు వెనక వస్తుంది. నత్తి అలా ఉండదు. మాటలో ముక్క తిరుగుతుంది, "నా-నా-నా-నాన్న". లేదా శబ్దం సాగుతుంది, "సససస-సీత". లేదా నోరు సిద్ధంగా ఉంటుంది, గాలి ఉంటుంది, కానీ గొంతు తాళం పడినట్టు ఏమీ రాదు. మీరు రాసిన "నోరు తెరిచి ఆగిపోవడం" ఈ మూడోది. దీనితో పాటు కళ్లు గట్టిగా మూయడం, తల విసరడం, కాలు నేలకి కొట్టడం, గొంతు పైకి లేవడం కనిపిస్తే పిల్లవాడు మాటతో కుస్తీ పడుతున్నాడన్నమాట.

అంకెలు చూద్దాం, అవి మీకు కొంత ధైర్యమిస్తాయి. నూటికి కనీసం ఐదుగురు పిల్లలకి చిన్నతనంలో ఎప్పుడో ఒకప్పుడు నత్తి వస్తుంది, ఎక్కువగా రెండు నుంచి ఐదేళ్ల మధ్య. పెద్దయ్యాక మిగిలేది నూటికి ఒక్కరికి. అంటే ముప్పాతిక మందికి పైగా పిల్లల్లో అది పోతుంది, చాలామందికి ఏ చికిత్సా లేకుండానే. మీవారి మాటలో నిజముంది. కానీ ఆ ముప్పాతికలో మీవాడున్నాడో, మిగిలిన పాతికలో ఉన్నాడో ముందుగా చెప్పే పరీక్ష ఏదీ లేదు. కొన్ని సూచనలు మాత్రం ఉన్నాయి. అబ్బాయి అయితే ఉండిపోయే అవకాశం ఎక్కువ. అమ్మాయిల్లో త్వరగా పోతుంది, పెద్దవాళ్లలో నలుగురు మగవాళ్లకి ఒక ఆడమనిషి చొప్పున కనిపించేది అందుకే. మూడున్నర ఏళ్లు దాటాక మొదలైతే ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా ఉండిపోయి ఉంటే ఎక్కువ. శబ్దాలు కూడా సరిగ్గా రాకపోతే ఇంకొంచెం ఎక్కువ. మొదలై ఏడాది దాటినా తగ్గకపోతే ఇంకా ఎక్కువ.

మీవాడి లెక్క వేయండి. అబ్బాయి. మొదలైంది మూడేళ్ల పది నెలలప్పుడు. క రావడం లేదు. తండ్రికి ఉండేది. నాలుగు సూచనలు కలిసిన పిల్లవాడి విషయంలో "చూద్దాంలే" అనడానికి నాకు మనసొప్పదు. రెండున్నరేళ్ల పాప, మొదలై ఆరు వారాలే అయింది, ఇంట్లో ఎవరికీ లేదు, పాప పట్టించుకోకుండా వసపిట్టలా వాగుతూనే ఉంది అని రాసి ఉంటే, వీడియో తీసి పెట్టుకోండి, రెండు మూడు నెలలు చూద్దాం అనేవాణ్ణి.

తండ్రి సంగతిలో ఒక మెలిక ఉంది. నత్తి వంశంలో నడిచినట్టే, నత్తి పోవడం కూడా వంశంలో నడుస్తుంది. మీవారికి నిజంగా చిన్నప్పుడే పూర్తిగా పోయుంటే బాబుకది మంచి సూచనే. "నిజంగా" అని ఎందుకంటున్నానంటే, కొన్నేళ్ల కింద ఒక తండ్రి కూతురిని తీసుకొచ్చారు. ఆయనా ఇదే మాట, "నాకు పదేళ్లకే పోయిందండీ". చక్కగా, ధారాళంగా మాట్లాడుతున్నారు. ఫారం నింపుతూ మీ పేరు చెప్పండి అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, జేబులోంచి ఆఫీసు ఐడీ కార్డు తీసి బల్ల మీద నా వైపు జరిపారు. పక్కనే ఉన్న భార్య అది మామూలే అన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఏ మాటకైనా ఇంకో మాట వాడుకుని తప్పించుకోవచ్చు, సొంత పేరుకి మారుపేరు ఉండదు కదా. పైకి వినిపించని నత్తి అలా ఉంటుంది. మీవారు అలాగేనని నేననడం లేదు. ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి, అంతే.

ఇక మీ అత్తగారి భయం. దాన్ని తీసిపారేయకండి, దానికొక చరిత్ర ఉంది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంలో వెండెల్ జాన్సన్ అనే పేరున్న పరిశోధకుడు ఉండేవారు. ఆయనకీ నత్తే. నత్తి పిల్లవాడి నోట్లో కాదు, తల్లిదండ్రుల చెవిలో పుడుతుంది, మామూలు తడబాటుకి "నత్తి" అని పేరు పెట్టడం వల్లే అది ముదురుతుంది అనేది ఆయన వాదం. 1939లో ఆయన పర్యవేక్షణలో ఒక విద్యార్థిని 22 మంది అనాథ పిల్లల మీద ప్రయోగం చేసింది. బాగానే మాట్లాడే కొందరు పిల్లలకి "నీకు నత్తి వస్తోంది, సరిగ్గా రాకపోతే నోరే విప్పకు" అని నెలల తరబడి నూరిపోశారు. ఆ పిల్లలకి అసలైన నత్తి రాలేదు. కానీ మాట్లాడటం తగ్గించేశారు, బిగుసుకుపోయారు. 2001లో ఆ విశ్వవిద్యాలయం బహిరంగంగా క్షమాపణ చెప్పింది. ప్రయోగం సంగతి అప్పట్లో బయటికి రాకపోయినా, "పేరెత్తకండి, పట్టించుకోకండి" అనే సలహా మాత్రం దశాబ్దాల పాటు డాక్టర్ల నోట నిలిచిపోయింది. మీ అత్తగారికీ అది అలాగే చేరి ఉంటుంది.

ఆ ప్రయోగం చూపించింది నిజానికి వేరే సంగతి. పిల్లవాణ్ణి సిగ్గుపడేలా చేస్తే నోరు మూతపడుతుంది. నత్తి అలా పుట్టదు. దాని మూలం చాలావరకు పుట్టుకలోనే ఉంటుంది, మెదడులో మాటని నడిపే తీగల్లో ఉంటుంది. 2010లో దీనికి సంబంధించిన కొన్ని జన్యువుల్ని కూడా గుర్తించారు. మీరు తిట్టినందుకు రాలేదు, తమ్ముడు పుట్టినందుకు రాలేదు, రెండు భాషలు నేర్పినందుకు రాలేదు. రాత్రిళ్లు మీరు లెక్కపెట్టుకుంటున్నవాటిని ఆపేయండి.

మరి చికిత్స పనిచేస్తుందా? ఆరేళ్ల లోపు పిల్లల్లో, అవును. ఆస్ట్రేలియాలో పుట్టిన లిడ్‌కోంబ్ పద్ధతి అని ఒకటుంది. థెరపిస్ట్ నేర్పితే ఇంట్లో తల్లో తండ్రో చేసేది. రోజూ పావుగంట ఆటలో, పిల్లవాడు సాఫీగా మాట్లాడినప్పుడు "ఎంత హాయిగా చెప్పావురా!" అని మెచ్చుకోవడం, చాలా అరుదుగా, నెమ్మదిగా తడబాటుని ప్రస్తావించడం, ఆ రోజు నత్తి ఎంత ఉందో రోజుకొక అంకె వేసుకోవడం. న్యూజిలాండ్‌లో జరిగి 2005లో ప్రచురించిన పరీక్షలో తొమ్మిది నెలలకి ఈ పద్ధతి పొందిన పిల్లల్లో నత్తి సగటున 77 శాతం తగ్గింది, పొందని పిల్లల్లో 43 శాతం తగ్గింది. రెండో అంకెని కూడా చూడండి. ఊరికే ఉన్నా తగ్గుతుంది, కానీ చేస్తే చాలా ఎక్కువ తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లో 2015 నాటి ఇంకో పెద్ద పరీక్షలో ఈ పద్ధతినీ, ఇంట్లో ఒత్తిడి తగ్గించే వేరే పద్ధతినీ పోల్చారు. ఏడాదిన్నరకి రెండు గుంపుల్లోనూ 70 శాతానికి పైగా పిల్లలు నత్తి లేకుండా ఉన్నారు. అందుకే ఏ పద్ధతి అన్నదాని మీద నేను తగువు పెట్టుకోను. తెలిసిన మనిషి, వారం వారం వచ్చే తల్లిదండ్రులు ఉంటే చాలు.

బడి వయసు దాటాక కథ మారుతుంది. ఎనిమిదేళ్లు, పదేళ్లు వచ్చేసరికి నత్తి పూర్తిగా పోతుందని నేను ఎవరికీ మాటివ్వను. అప్పుడు పని వేరు. మాటలో బిగువు తగ్గించడం, ఇరుక్కున్నప్పుడు మెల్లగా జారి బయటపడటం నేర్పడం, అన్నిటికన్నా ముఖ్యంగా చెయ్యెత్తి జవాబు చెప్పే ధైర్యం నిలబెట్టడం. నత్తితోనే గలగలా మాట్లాడే పిల్లవాడు, నత్తి వినపడకుండా మూలన కూర్చునే పిల్లవాడి కన్నా ఎంతో బాగున్నట్టు లెక్క. ఒకసారి పదమూడేళ్ల అబ్బాయిని తల్లి బలవంతాన తెచ్చింది. "నాకేం ఇబ్బంది లేదు, ఆమెకే ఉంది" అన్నాడు. రెండు సార్లు మాట్లాడి చూశాను, నిజమే చెబుతున్నాడు. స్నేహితులున్నారు, క్లాసులో మాట్లాడతాడు, ఫోన్ ఎత్తుతాడు. వాడికి కావాలనిపించినప్పుడు రమ్మని పంపేశాను. తల్లికి నా మీద కోపం వచ్చింది. నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పాలి, మీకు పనికొస్తుంది. పని మొదలుపెట్టిన కొత్తలో మూడున్నరేళ్ల బాబు వచ్చాడు. స, శ, చ ఏవీ రావు. పిలిస్తే పలుకుతాడు, టీవీ పెడితే పరిగెత్తుకొస్తాడు. వినికిడి బాగానే ఉందనుకుని పరీక్ష అడగలేదు. ఐదు నెలలు కష్టపడ్డాం. అంగుళం కదల్లేదు. చివరికి ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష, తీయిస్తే, బొంగురు శబ్దాలు బాగానే వినిపిస్తున్నాయి, కీచు శబ్దాలు దాదాపు లేవు. స అనేది కీచు శబ్దాల్లోనే ఉంటుంది. వాడికి ఎప్పుడూ వినపడని శబ్దాన్ని పలకమని ఐదు నెలలు వాడి ప్రాణం తీశాను. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అప్పటినుంచి ఆడియోగ్రామ్ లేకుండా నేను శబ్దాల థెరపీ మొదలుపెట్టను. మీరూ ముందు అది చేయించండి. పిలిస్తే పలకడం వినికిడి పరీక్ష కాదు. జలుబు చేసినప్పుడల్లా చెవిలో నీరు చేరే పిల్లలకి ఇది ఇంకా ముఖ్యం.

మీకు ఎవరో నాలుక కింద పొర కోయించమన్నారని రాశారు. వద్దు, ఇప్పుడే వద్దు. పిల్లవాడు నాలుక కొనని పై పళ్ల వెనక ఆనించగలుగుతున్నాడా? త, న, ల పలుకుతున్నాడా? పలుకుతున్నాడు, మీరే రాశారు. క పలకడానికి కావాల్సింది నాలుక వెనక భాగం, కొన కాదు. ఆ పొర కోసినంత మాత్రాన మాట బాగవుతుందనడానికి గట్టి రుజువులు లేవు. నత్తికైతే అసలు సంబంధమే లేదు. ఈ పిచ్చి పాతదే, 1841లో జర్మనీలో డీఫెన్‌బాఖ్ అనే పేరుమోసిన సర్జన్ నత్తి పోగొట్టడానికి నాలుక మొదట్లో ముక్క కోసేసేవాడు, మత్తుమందు లేని రోజుల్లో. అలాగే బెలూన్లు ఊదించడం, ఈలలు వేయించడం, నాలుకతో కసరత్తులు చేయించడం. మాట శబ్దాలు వీటితో వస్తాయనడానికి ఆధారం లేదు. ఊదడం వస్తే ఊదడం వస్తుంది. థెరపీ గంటలో ఎక్కువ భాగం ఇవే చేయిస్తుంటే ఎందుకని మర్యాదగా అడగండి.

థెరపిస్ట్‌ని ఎంచుకునేటప్పుడు నేనైతే రెండు సంగతులు చూస్తాను. మిమ్మల్ని గదిలో కూర్చోబెట్టుకుంటున్నారా, బయట కూర్చోమని తలుపేస్తున్నారా? చిన్నపిల్లల నత్తిలో సగం పని మీది, తలుపు బయట కూర్చుని నేర్చుకోలేరు. రెండోది, "నెలలో పోగొడతాం, గ్యారంటీ" అంటున్నారా? అంటే లేచి వచ్చేయండి. నత్తికి ఆమోదం పొందిన మందు కూడా ఏదీ లేదు, కాబట్టి బిళ్లలిస్తే దేనికో అడగండి.

అపాయింట్‌మెంట్ దొరికేలోపు ఇంట్లో ఏం చేయాలి? అందరూ చేసే పొరపాటుతో మొదలుపెడతాను. "నెమ్మదిగా చెప్పు", "ఊపిరి పీల్చుకుని చెప్పు", "మళ్లీ మొదటినుంచి చెప్పు". ప్రేమతోనే అంటాం, వాడికి మాత్రం "నువ్వు చెప్పేది కాదు, చెప్పే తీరు వింటున్నాం" అని వినిపిస్తుంది. వాడిని నెమ్మదించమనకండి, మీరు నెమ్మదించండి. వాడు మాట ముగించాక ఒక్క క్షణం ఆగి జవాబివ్వండి. మాట ఇరుక్కున్నప్పుడు మీరు పూర్తి చేయకండి, కళ్లు తిప్పుకోకండి, వాడు చెప్పేదాకా మామూలుగా చూస్తూ ఉండండి. ఇంటికొచ్చినవాళ్ల ముందు "పద్యం చెప్పు, పేరు చెప్పు" అని నిలబెట్టకండి. రోజూ ఐదు నిమిషాలు, ఫోన్ పక్క గదిలో పెట్టేసి, వాడొక్కడితో వాడికి నచ్చిన ఆట ఆడండి, ప్రశ్నలు తక్కువగా. ఐదే నిమిషాలు, కానీ రోజూ. వాడే "అమ్మా, మాట రావట్లేదు" అంటే విననట్టు నటించకండి. "అవును నాన్నా, ఆ మాట కొంచెం ఇరుక్కుంది. ఒక్కోసారి అలా అవుతుంది, నేను వింటున్నాగా" అంటే చాలు. మీ అత్తగారికి భయమున్నది సిగ్గు గురించి. సిగ్గు మాట దాచడంలోంచి వస్తుంది, చెప్పడంలోంచి కాదు.

క గురించి మాత్రం ఇంట్లో "క అను, క అను" అని వెంటపడొద్దు, నత్తి ఉన్నప్పుడు అస్సలు వద్దు. వాడు "తాతి వచ్చింది" అంటే "అవును, కాకి వచ్చింది, నల్ల కాకి" అని మీ మాటలో సరైనది వినిపించి వదిలేయండి. థెరపిస్ట్ కూడా రెండిట్లో ఏది ముందు పట్టాలో ఆలోచిస్తారు. నేనైతే సాధారణంగా నత్తితో మొదలుపెట్టి, శబ్దాల పనిని ఆటలా తేలిగ్గా నడిపిస్తాను.

వీడియోలు తీయండి. నత్తి ఎక్కువ తక్కువలుగా వస్తుంది, మీరు చూపించడానికి వెళ్లిన రోజే వాడు అద్దంలా మాట్లాడి మిమ్మల్ని అబద్ధాలకోరుని చేస్తాడు. బాగున్న రోజుదొకటి, బాగాలేని రోజుదొకటి, ఐదేసి నిమిషాలు, వాడికి తెలియకుండా.

ఇదే ప్రశ్నతో వచ్చే మిగతావాళ్ల కోసం ఒక మాట. వచ్చిన మాటలు పోతుంటే, రెండేళ్లకి రెండు మాటలు కలిపి చెప్పకపోతే, మాట ముక్కులోంచి వస్తున్నా, తాగిన పాలు ముక్కులోంచి వస్తున్నా, అంగిట్లో కొండనాలుక రెండుగా చీలినట్టున్నా, తల దెబ్బ తర్వాత మాట మారినా, అదే మాటని ప్రతిసారీ ఒక్కోలా తప్పు పలుకుతూ నోటితో వెతుక్కుంటున్నట్టున్నా, ఆగి చూడటం అనే ప్రశ్నే లేదు. వినికిడి మీద అనుమానమొస్తే ఏ వయసైనా, పసికందైనా, వెంటనే.

చివరగా మీరడిగింది, వాడికి ఏమని చెప్పి తీసుకెళ్లాలి అని. డాక్టర్ అనకండి, సూది గుర్తొస్తుంది. "మాటలతో ఆడుకునే టీచర్ ఉన్నారు, ఒకసారి వెళ్లొద్దాం, ఆ కార్ల డబ్బా కూడా తెచ్చుకో" అనండి. నిజంగా జరిగేదీ అదే. మొదటిసారి నేను పిల్లల్ని ఏమీ అడగను, నేల మీద కూర్చుని కార్లు తోస్తాను, పెద్దవాళ్ల వీడియోలు తర్వాత చూస్తాను. మీవారిని కూడా తీసుకెళ్లండి. ఆయన చిన్నప్పటి సంగతి ఫారంలో ఎలాగూ అడుగుతారు, ఆ జవాబు ఆయన చెబితేనే బాగుంటుంది.